మనుషుల కన్నా ముందు వెళ్లొచ్చిన ఓరియన్

2022 నవంబరు 16. మన దేశంలో మధ్యాహ్నం 12 గంటలు దాటింది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇంకా తెల్లవారలేదు. హైడ్రోజన్ లీకులు, తుపానుల వల్ల పదేపదే వాయిదా పడిన, చంద్రుడి దగ్గరకు వెళ్లొచ్చే నాసా ఆర్టెమిస్ 1 ప్రయోగం ఎట్టకేలకు మొదలైంది. 98 మీటర్ల ఎత్తున్న ఎస్‌ఎల్‌ఎస్ రాకెట్ ఓరియన్ నౌకను మోసుకుంటూ నింగికెగిసింది.

కమాండర్ సీట్లో కూర్చున్నది మాత్రం ఓ బొమ్మ!

దాని పేరు కాంపోస్. 1970లో ప్రమాదంలో చిక్కుకున్న అపోలో 13 వ్యోమగాములను ఇల్లు చేర్చడంలో కీలకంగా పనిచేసిన ఇంజినీరు ఆర్టురో కాంపోస్ జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు. కుదుపులెంత, రేడియేషన్ ఎంత అన్నది సెన్సర్లు నమోదు చేశాయి. హెల్గా, జోహార్ అనే మరో రెండు బొమ్మలు స్త్రీ శరీరానికి నమూనాలు. ఎముకలకూ అవయవాలకూ సరిపోలే పదార్థాలతో వాటిని తయారుచేశారు. జోహార్‌కు రేడియేషన్‌ను అడ్డుకునే కోటు తొడిగారు, హెల్గాకు తొడగలేదు. కోటు ఎంతవరకు కాపాడుతుందో తేల్చుకోవడానికే ఈ ఏర్పాటు.

నవంబరు 21న ఓరియన్ చంద్రుడి ఉపరితలానికి 130 కిలోమీటర్ల దగ్గరగా దూసుకెళ్లింది. నవంబరు 28న భూమికి 4,32,210 కిలోమీటర్ల దూరం చేరింది. మనుషుల కోసం తయారైన నౌక అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. అంతకుముందు ఆ రికార్డు అపోలో 13దే.

అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఎదురైంది. డిసెంబరు 11న నౌక గంటకు దాదాపు 40,000 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దిగింది. ఉష్ణకవచం దాదాపు 2,760 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకోవాలి. చెరువు మీద విసిరిన పెంకు నీటిని తాకి పైకి ఎగిరినట్టు, ఓరియన్ ఒకసారి కిందికి దిగి, కాస్త పైకి లేచి, మళ్లీ దిగి పసిఫిక్ మహాసముద్రంలో పడింది.

ఒడ్డుకు చేర్చి చూస్తే, కవచం 100కు పైగా చోట్ల పెచ్చులూడి ఉంది. కాలుతూ నౌకను కాపాడడమే దాని పని. కానీ ఇలా ముక్కలుగా ఊడిపోతుందని ఎవరూ అనుకోలేదు.

కారణం తేలడానికి రెండేళ్లు పట్టింది. రెండు మునకల మధ్య బయటి వేడి తగ్గినా, కవచం లోపల వాయువులు పుడుతూనే ఉన్నాయి. అవి బయటికి పోయే దారిలేక ఒత్తిడి పెరిగి పగుళ్లు వచ్చాయి. నేలమీద చేసిన పరీక్షల్లో వేడి తీవ్రత ఇంకా ఎక్కువగా ఉండడంతో పైపొర బాగా మాడి, వాయువులకు దారి దొరికింది. అందుకే అక్కడ ఈ లోపం కనిపించలేదు.

నౌకలో మనుషులు ఉన్నా క్షేమంగానే ఉండేవారని లోపలి ఉష్ణోగ్రతల లెక్కలు చెప్పాయి. అయినా నలుగురు వ్యోమగాములు ఎక్కాల్సిన ఆర్టెమిస్ 2 కోసం నాసా, కవచాన్ని అలాగే ఉంచి, వాతావరణంలోకి దిగే దారిని మార్చాలని 2024 డిసెంబరులో నిర్ణయించింది. ప్రయోగశాల పట్టుకోలేని లోపాన్ని, ఎవరి ప్రాణాలూ పణంగా పెట్టకుండా బయటపెట్టడమే 25 రోజుల ఆ యాత్ర సాధించిన అతిపెద్ద ఫలితం.