కుక్కకి వేయాల్సింది రాయి కాదు, మందు



మన వంటశాల వెనకాల తిరిగే ఎర్ర కుక్కకి బొచ్చంతా ఊడిపోయింది. అది కనబడితే చాలు, అందరూ రాళ్ళు వేస్తున్నారు. దానికి అన్నం పెట్టే ఐదో తరగతి పాపకి వేళ్ళ సందుల్లో దురద వచ్చింది. "కుక్క గజ్జి" అని ఆ పాప పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. అందుకే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటి కుక్క కర్రికి కూడా ఇలాగే అయింది. రాత్రి పోడులోకి అడవిపందులు వస్తే ముందు మొరిగేది అదే. పక్కింటి మామ వాళ్ళ కుక్కకీ అదే జబ్బు. మామ చేనుకి కొట్టే పురుగుమందు దానికి పూశాడు. అది ఒళ్ళు నాక్కుంది. నురగలు కక్కి సాయంత్రానికి చచ్చిపోయింది. మామ రెండు రోజులు అన్నం తినలేదు. మా అయ్య భయపడి, సంత రోజు కర్రికి తాడు కట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. డాక్టరు గారు చెప్పినవి నోట్సులో వ్రాసుకున్నాను.

గజ్జి ఎందుకు వస్తుంది?

కంటికి కనబడనంత చిన్న పురుగు వలన వస్తుంది. అది చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. ముందు చెవుల అంచులు, మోచేతులు, పొట్ట దగ్గర బొచ్చు ఊడుతుంది. తర్వాత చర్మం మందమై పొక్కు కడుతుంది. కుక్క ఆగకుండా గోక్కుంటుంది. డాక్టరు గారు కర్రికి ఇంజక్షన్ చేసి, రెండు వారాలకు మళ్ళీ రమ్మన్నారు. ఎందుకంటే ఆ మందుకి పురుగులు చస్తాయి గానీ గుడ్లు చావవు. గుడ్ల నుండి వచ్చిన పురుగుల్ని మళ్ళీ చంపాలి. ఒక్కసారికే మానేస్తే జబ్బు తిరగబడుతుంది. కర్రికి సెలవులు అయ్యేలోపే కొత్త బొచ్చు వచ్చింది.

ఇంకా గుర్తుపట్టవలసినవి:

1. తామర: గుండ్రంగా బొచ్చు ఊడి, పొట్టు రాలుతుంది. ఇది పిల్లులకి, దూడలకి కూడా వస్తుంది. మనకీ అంటుతుంది. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి.
2. పిడుదులు: చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య చూడాలి. రక్తం త్రాగుతాయి. ఎక్కువైతే కుక్క చిగుళ్ళు తెల్లబడి నీరసపడుతుంది. చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి. వేళ్ళతో నలపకూడదు.
3. పుండులో పురుగులు: పుండు మీద ఈగలు గుడ్లు పెడితే వస్తాయి. వెంటనే డాక్టరుకి చూపించాలి.

కిరసనాయిలు, ఇంజను ఆయిలు, పురుగుమందు ఎప్పుడూ పూయకూడదు.

మరి పాప దురద సంగతి?

కుక్క గజ్జి పురుగు మన ఒంటి మీద ఎక్కువ రోజులు బ్రతకలేదు. కొన్నాళ్ళు దురద పెట్టి పోతుంది. మనుషుల గజ్జి పురుగు వేరే. అది ఒకరి పక్కన ఒకరం పడుకుంటే, ఒకే దుప్పటి కప్పుకుంటే అంటుకుంటుంది. వేళ్ళ సందుల్లో దురద మన గదుల్లో ఇంకా ఆరుగురికి ఉంది. వాళ్ళలో ఎవరూ కుక్కని ముట్టుకోలేదు. అందులో నేనూ ఒకదాన్ని. సిగ్గుపడి ఇన్నాళ్ళు చెప్పలేదు. గదిలో అందరం ఒకే రోజు మందు రాసుకుని, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేస్తేనే పోతుంది. ఒక్కరిని దూరం పెడితే పోదు.

ఒక ముఖ్య విషయం. రాయి వేస్తే కుక్క కరుస్తుంది. ఏ కుక్క కరిచినా, గీరినా వెంటనే సబ్బు, నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. పసరు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి, చెప్పిన తేదీల్లో సూదులన్నీ వేయించుకోవాలి. రేబిస్ జబ్బు బయటపడ్డాక బ్రతకడం దాదాపు ఉండదు. కుక్కకి ఏటా టీకా వేయిస్తే దానికీ మనకీ రక్షణ.

మేడం గారికి మనవి: పశువుల డాక్టరు గారిని ఒకసారి పిలిపించండి. ఎర్ర కుక్కని పట్టుకోవడానికి నేను వస్తాను. మా గదికి కూడా మందు ఇప్పించండి.

ఈ రోజు భోజనంలో నేను ఆ పాప పక్కన కూర్చుంటాను. మీరూ రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని