పై శ్రేణికి నిచ్చెన: ఫుట్‌బాల్ క్లబ్బుల కలిమిలేములు

మా పాఠశాల బాలురలో పలువురు ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ క్లబ్బుల పేర్లను ఎక్కముల కన్న చక్కగా అప్పగింపగలరు. ఏ జట్టు గెలిచినది, ఏ జట్టు పై శ్రేణికి పోయినది అను సంగతులు వారికి కంఠస్థములు. ఎందుచేత పోయినదని అడిగినచో మాత్రము, "బాగుగ ఆడినది కనుక" అని ఒకే సమాధానము వచ్చును. అది సగము సత్యము. మిగిలిన సగమును తల్లిదండ్రులకు వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగు 1888లో 12 క్లబ్బులతో ఏర్పడినది. 1892లో రెండవ శ్రేణి చేరినది. 1898 నుండి క్రింది శ్రేణిలో అగ్రస్థానము నందిన జట్లు పైకెక్కుటయు, పై శ్రేణిలో అడుగున నిలిచిన జట్లు దిగుటయు నియమమైనది. నేడు మొదటి శ్రేణికి ప్రీమియర్ లీగు అని పేరు. అందు 20 క్లబ్బులు గలవు. రెండవ శ్రేణి చాంపియన్‌షిప్. అందు 24 క్లబ్బులు ఒక్కొక్కటి 46 ఆటలాడును. ఏటేట మూడు క్లబ్బులు ఎక్కును, మూడు దిగును.

ఇది బడిలో పై తరగతికి పోవుట వంటిదని పిల్లలు తలంతురు. అట్లు కాదు. బడిలో ఎందరు ఉత్తీర్ణులైనను అందరును పై తరగతికి పోవుదురు. ఇచ్చట ఉన్నవి మూడే స్థానములు. ఒకరెక్కవలెనన్న మరొకరు ఆగవలెను. కావున ఒకరి కలిమి మరొకరి దారికి అడ్డమగుచున్నది.

పూర్వము ఈ భేదమును తగ్గించు కట్టుబాట్లు కొన్ని యుండెడివి. 1901లో ఆటగాని వేతనము వారమునకు 4 పౌన్లకు మించరాదని నిర్ణయించిరి. ఈ పరిమితి 1961లో రద్దగునాటికి 20 పౌన్లు. ఇది ఆటగాండ్ర యెడల అన్యాయమే. అయినను, ధనిక క్లబ్బు మంచి ఆటగాండ్రనందరిని జీతముతో ఆకర్షించుటకు వీలులేకుండెను. టిక్కెట్ల రాబడిలో కొంత భాగము అతిథి జట్టునకు ముట్టెడిది. 1983లో అదియు నిలిచిపోయినది. టెలివిజను సొమ్మును తొలుత నాలుగు శ్రేణులలోని 92 క్లబ్బులును సమముగ పంచుకొనెడివి. 1992లో మొదటి శ్రేణి క్లబ్బులు వేరుపడి ప్రీమియర్ లీగును స్థాపించుకొని, టెలివిజను ఒప్పందములను తామే కుదుర్చుకొన నారంభించినవి. నాటి నుండి రెండు శ్రేణుల నడుమ నిచ్చెన మెట్టు గోడయంత ఎత్తుగ పెరిగినది.

పై నుండి పడిన క్లబ్బునకు రాబడి ఒక్కసారిగ తగ్గును గాని, ఆటగాండ్రతో వ్రాసికొన్న జీతపు ఒప్పందములు తగ్గవు. అట్టి క్లబ్బు దివాలా తీయకుండ ప్రీమియర్ లీగు కొంత ధనమిచ్చును. దీనిని పారాచూటు సొమ్మందురు. పై క్లబ్బులకు సమముగ పంచు టెలివిజను వాటాలో మొదటి ఏట నూటికి 55 వంతులు, రెండవ ఏట 45, మూడవ ఏట 20 వంతులు ఇచ్చు పద్ధతి ఏర్పడినది. పడువాని ఎముకలు విరుగకుండ కాచుట ధర్మమే. కాని అదే సొమ్ము అతనికి తోడి పోటీదారుల కన్న ముందు నిలుచు బలము నిచ్చుచున్నది. 2022లో దిగిన బర్న్‌లీ 2023లోనే ఎక్కినది. 2023లో దిగిన లెస్టర్, సౌతాంప్టన్ క్లబ్బులు 2024లో తిరిగి ఎక్కినవి. ఇక పై గోడ ఎంత ఎత్తో చూడుడు: 2023లో ఎక్కిన మూడు క్లబ్బులును 2024లో దిగినవి, 2024లో ఎక్కిన మూడును 2025లో దిగినవి.

పారాచూటు లేని క్లబ్బులు ఏమి చేయును? అప్పు చేయును, లేదా యజమాని దయపై ఆధారపడును. 2021-22లో చాంపియన్‌షిప్ క్లబ్బుల జీతముల మొత్తము వాటి రాబడి మొత్తమునే మించినది. ఇంకను క్రింది శ్రేణిలోనిది బరీ క్లబ్బు కథ. 1894 నుండి లీగులో సభ్యత్వము గలిగి, 1900లోను, 1903లోను ఎఫ్.ఎ. కప్పును గెలిచిన క్లబ్బది. 2019 వసంతమున నాల్గవ శ్రేణి నుండి పైకెక్కినది. అప్పుల పాలై, అదే సంవత్సరము ఆగస్టులో లీగు నుండి తొలగింపబడినది. మైదానములో గెలిచిన క్లబ్బు ఖాతా పుస్తకములో ఓడినది. తాతల నాటి నుండి శనివారమునాడు ఆట చూచుటకు పోవు ఊరివారికి ఆ శనివారము శూన్యమైనది.

ధనమెంత చేయగలదో బ్లాక్‌బర్న్ రోవర్స్ చరిత్ర చెప్పుచున్నది. 1888 నాటి 12 క్లబ్బులలో ఇది యొకటి. 1966 నుండి పై శ్రేణికి దూరమైన ఈ క్లబ్బును 1991లో జాక్ వాకర్ అను ఉక్కు వ్యాపారి చేపట్టెను. 1992లో జట్టు పైకెక్కినది. అదే ఏట అప్పటికి బ్రిటనులో ఎవ్వరికిని ఈయని ధర నిచ్చి అలన్ షియరర్‌ను కొనిరి. 1995లో లీగు గెలిచినది. 2010లో ఈ క్లబ్బును కొన్నది మనకు తెలిసిన కోళ్ల పరిశ్రమ వారే. తెలుగువారైన బి.వి. రావు గారు స్థాపించిన, పుణె నగరము కేంద్రముగా గల వెంకటేశ్వర హేచరీస్ సంస్థ యది. 2012లో క్లబ్బు దిగినది. 2017లో మూడవ శ్రేణికి జారి, 2018లో రెండవ శ్రేణికి తిరిగి వచ్చినది. 2025 వరకు మొదటి శ్రేణి ముఖము చూడలేదు. కనుక ధనికుడు దొరికినంత మాత్రమున చాలదు. ఆ ధనమును నడుపు తెలివియు, కాలమును కలిసి రావలెను.

ధనమే సర్వమని నిరాశ చెందవలసిన పనియు లేదు. లూటన్ టౌన్ 2009లో లీగు నుండియే జారిపోయినది. 2014లో తిరిగి ప్రవేశించి, పండ్రెండు వేలమంది మాత్రమే పట్టు పాత మైదానముతో 2023లో ప్రీమియర్ లీగు చేరినది. ఏడాదికే దిగిన మాట నిజము. అయినను నిచ్చెన పూర్తిగ తీసివేయబడలేదని అది చూపినది.

పరిష్కారములు సులభములు కావు. చాంపియన్‌షిప్‌లో మూడేండ్లకు 3 కోట్ల 90 లక్షల పౌన్లకు మించి నష్టపోరాదను నియమము విధించిరి. దీనివలన దుబారా తగ్గును. కాని పారాచూటు రాబడి గల క్లబ్బు నష్టము చూపకయే ఎక్కువ వ్యయము చేయగలుగును గనుక, వ్యత్యాసము మిగిలియే యుండును. 2025లో బ్రిటిష్ పార్లమెంటు ఫుట్‌బాల్ పాలనా చట్టమును చేసి, స్వతంత్రాధికార సంస్థ నొకదానిని ఏర్పరచినది. సొమ్ము పంపకమున లీగులు తమలో తాము పొత్తు కుదుర్చుకొనలేనప్పుడు ఆ సంస్థ కలుగజేసికొనవచ్చును.

తల్లిదండ్రులకు మా మనవి ఒకటి. మీ బిడ్డ పట్టికను చూపి "ఈ జట్టు పనికిరాదు" అన్నప్పుడు, "దాని చేతిలో ఎంత యున్నది? ఉన్నంతలో ఎంత సాధించినది?" అని అడుగుడు. ఈ రెండు ప్రశ్నలు నేర్చిన బాలుడు ఓడినవానిని చులకన చేయడు, గెలిచినవానికి గ్రుడ్డిగ మ్రొక్కడు. చిన్న పాఠశాలలో చదివి పెద్ద పాఠశాలల విద్యార్థులతో పోటీపడు మన పిల్లలకు ఈ కొలమానము తమ్ము తాము కొలుచుకొనుటకును ఉపకరించునని మా విశ్వాసము.