లెక్కలకు ఈనె పుల్లల సాయం

అమలాపురం: “మావాడికి అన్నీ వచ్చుగానీ లెక్కలే రావండీ!” బడికి వచ్చే తల్లిదండ్రుల నోట తరచు వినిపించే మాట ఇది. ఈ బెడద కోనసీమకే పరిమితం కాదు. 2024లో దేశంలోని గ్రామాల్లో జరిపిన అసర్ సర్వేలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగింది నూటికి 34 మందే. ఐదో తరగతిలో భాగహారం చేయగలిగింది 31 మందే.

మరి మిగతావాళ్ళంతా మొద్దులా? కానే కాదు. 63 నుంచి 27 తీసివేయమంటే 44 అని రాసే పిల్లలున్నారు. తిట్టేముందు ఆ 44 ఎలా వచ్చిందో చూడాలి. 3లో 7 పోదు గనుక 7లోంచే 3 తీశాడు. 6లోంచి 2 తీశాడు. అంటే తీసివేత వచ్చు. పదుల నుంచి అప్పు తెచ్చుకోవడమే రాదు. ఆ చిక్కు విప్పకుండా భాగహారాలు నూరుసార్లు చేయించినా ఫలితం ఉండదు.

దీనికి మనవద్ద ఖర్చులేని సాధనం ఉంది. చీపురుకు తీసే కొబ్బరి ఈనెలు. వాటిని జానెడు పుల్లలుగా విరిచి, పదేసి చొప్పున కట్టలు కట్టాలి. 6 కట్టలు, 3 విడి పుల్లలు ముందుపెట్టి 27 ఇమ్మనండి. విడివి మూడే ఉన్నాయి గనుక ఒక కట్ట విప్పక తప్పదు. అప్పుడు విడివి 13 అవుతాయి. అందులో 7 ఇస్తే 6 మిగులుతాయి. ఉన్న 5 కట్టల్లో 2 ఇస్తే 3 మిగులుతాయి. జవాబు 36. అప్పు అంటే కట్ట విప్పడమేనని చేతికి తెలిశాకే పలకమీద రాయించాలి. చదువురాని తల్లి కూడా ఈ పని చేయించవచ్చు.

పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది పక్కన పెట్టండి. అంకెలు, రెండంకెల సంఖ్యలు, కూడిక, తీసివేత, భాగహారం - ఈ వరుసలో ఎక్కడ తడబడితే అక్కడే మొదలుపెట్టాలి.

2001-03 మధ్య ముంబయి, వడోదరాల్లో ప్రథమ్ సంస్థ ఈ దారినే నడిచింది. వెనుకబడిన పిల్లలను 15-20 మంది చొప్పున విడిగా కూర్చోబెట్టి, స్థానిక యువతులచేత రోజుకు రెండు గంటలు చెప్పించింది. పిల్లల మార్కులు పెరిగాయి. ఆ ఫలితాలను పరిశీలించిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలు తర్వాత 2019లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇంటర్ చదివిన అమ్మాయిలకు మన ఊళ్ళలో కొదవలేదు. సాయంత్రం ఓ గంట అరుగుమీద పిల్లలను కూర్చోబెట్టుకుంటే చాలు. వేళ్ళు మడిచి లెక్కపెట్టే పిల్లవాడిని మాత్రం కసరవద్దు. లెక్క నేర్చుకునే తొలిమెట్టు అదే.