పీక్ డిస్ట్రిక్ట్ కాలిబాటల్లో ఒక శనివారం

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య పరుచుకున్న కొండప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్. బ్రిటన్‌లోని మొదటి జాతీయ ఉద్యానవనం ఇదే. 1951లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 1,440 చదరపు కిలోమీటర్లు. జాతీయ ఉద్యానవనం అనగానే తెలుగు పాఠకులకు అటవీశాఖ గేటు, టికెట్టు, జీపు సఫారీ మనసులో మెదులుతాయి. పీక్ డిస్ట్రిక్ట్ అలాంటిది కాదు. ఊళ్లు, పచ్చికబయళ్లు, గొర్రెల మందలు, రైతుల ఇళ్లు అన్నీ దాని లోపలే ఉన్నాయి. భూమిలో ఎక్కువ భాగం ప్రైవేటు సొత్తు. అయినా సెలవురోజుల్లో నగరాల నుంచి వచ్చినవాళ్లు ఆ పొలాల మధ్యనుంచే నడిచిపోతారు. దారి సుంకమంటూ ఏదీ లేదు. ఆ రెండు నగరాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు యువతకు స్నేహితులతో కలిసి ఒక్కరోజులో చూసి రావడానికి ఇంతకంటే మంచి పల్లెసీమ దొరకదు.

పరాయి పొలంలో నడిచే వీలు అక్కడ చట్టం ఇచ్చిన హక్కు. తెలుగు పల్లెల్లో పుంత, డొంక అందరివీ అయినా పొలం గట్టు మీద నడక రైతు మంచితనం మీద ఆధారపడుతుంది. పొలం చేతులు మారితే కంచె పడవచ్చు. ఇంగ్లండ్‌లో తరతరాలుగా జనం నడిచిన బాటలను స్థానిక ప్రభుత్వాలు అధికారిక పటాల్లో నమోదు చేస్తాయి. అలా నమోదైన బాట పొలం ఎవరు కొన్నా పోదు. యజమాని దానికి అడ్డుగోడ కడితే చట్టాన్ని ఉల్లంఘించినట్టే. పసుపు బాణం గుర్తు ఉన్న బాట నడిచేవాళ్లకు, నీలం బాణం ఉన్నది గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు అడ్డొచ్చినచోట ఎక్కి దిగేందుకు మెట్లో, ఒక్కొక్కరే పట్టే చిన్న గేటో ఉంటాయి.

బాటలు లేని బంజరు కొండల సంగతి వేరు. అక్కడ తిరిగే హక్కు కోసం జైలుకు వెళ్లినవాళ్లున్నారు. పీక్ డిస్ట్రిక్ట్‌లో అన్నిటికంటే ఎత్తయినది 636 మీటర్ల కిండర్ స్కౌట్. 1930ల నాటికి అది డెవన్‌షైర్ డ్యూక్ వేటభూమి. ఆగస్టులో దొరలు గ్రౌస్ పక్షులను కాల్చుకోవడానికి ఏడాది పొడవునా కాపలాదారులు సామాన్యులను దూరంగా ఉంచేవారు. మిల్లుల పొగలో వారమంతా పనిచేసి, ఆదివారం కాస్త మంచిగాలి పీల్చుకుందామని వచ్చిన కార్మికులకు కళ్లెదుటే కొండ ఉన్నా ఎక్కే వీల్లేదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ అనే 20 ఏళ్ల యువకుడి నాయకత్వంలో సుమారు 400 మంది హేఫీల్డ్ ఊరినుంచి బయల్దేరి, బహిరంగంగానే కొండెక్కారు. షెఫీల్డ్ వైపునుంచి మరో గుంపు వచ్చి కలిసింది. కాపలాదారులతో తోపులాట జరిగింది. అనుమతి లేకుండా భూమిలోకి వెళ్లడం ఆనాటి చట్టం ప్రకారం నేరం కాదు కనుక అల్లర్ల వంటి అభియోగాలు మోపారు. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలుశిక్ష పడింది. అంతవరకు ఆ దుందుడుకుతనాన్ని తప్పుబట్టిన నడక సంఘాలవాళ్లకు కూడా ఈ శిక్షలు మితిమీరినవిగా తోచాయి.

1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. కిండర్ పక్కనే ఉన్న ఈడేల్ గ్రామం నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాటేవరకు సుమారు 430 కిలోమీటర్లు సాగే పెనైన్ వే 1965లో ప్రారంభమైంది. కొండలూ బీడుభూముల్లో బాట వదిలి కూడా తిరిగే హక్కును 2000 నాటి చట్టం ఇచ్చింది. సాగుభూములకు అది వర్తించదు. 2002లో, సంఘటన జరిగి 70 ఏళ్లు నిండిన సందర్భంలో, నాటి డెవన్‌షైర్ డ్యూక్ తన పూర్వికుల తీరుకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆలస్యమైనా అది గొప్ప మాట.

మొదటిసారి వెళ్లే మిత్రబృందానికి అనువైనది ఈడేల్ నుంచి హోప్ వరకు నడక. మాంచెస్టర్ నుంచి రైల్లో ఈడేల్ ముప్పావుగంట, షెఫీల్డ్ నుంచి అరగంట పైచిలుకు. స్టేషన్ దిగి పొలాల మీదుగా హాలిన్స్ క్రాస్ అనే కనుమ ఎక్కితే రెండు లోయలూ కనిపిస్తాయి. కుడివైపు వెన్నుగట్టు వెంట పోతే 517 మీటర్ల మామ్ టోర్. దాని తూర్పు వాలులో మెత్తటి షేల్ పొరల మీద ఇసుకరాయి పొరలున్నాయి. వాన నీరు దిగినప్పుడల్లా ఆ వాలు జారుతూనే ఉంటుంది. దానిమీదుగా వేసిన రోడ్డును ఎన్నిసార్లు బాగుచేసినా నిలవక 1979లో శాశ్వతంగా మూసేశారు. ముక్కలై, మెట్లుగా విరిగిన ఆ తారురోడ్డు మీద ఇప్పటికీ నడవవచ్చు. భూమి కదలికను ఇంత దగ్గరగా చూపే చోట్లు తక్కువ. దిగువన క్యాసిల్టన్ ఊరు, దానిపైన నార్మన్ల నాటి పెవరిల్ కోట. అక్కడినుంచి మూడు కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే హోప్ స్టేషన్.

ముగ్గురి నుంచి తొమ్మిదిమంది వరకు కలిసి ప్రయాణిస్తే రద్దీలేని వేళల టికెట్ల మీద మూడోవంతు రాయితీ దొరుకుతుంది. విద్యార్థుల రైల్‌కార్డుకూ రాయితీ అంతే. పాతికేళ్లు దాటినా పూర్తికాల విద్యార్థి అయితే ఆ కార్డు ఇస్తారు. దారిలో దుకాణాలు తక్కువ కనుక తిండి వెంట ఉండాలి. పులిహోర, చపాతీ చుట్టలు చల్లారినా బాగుంటాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటే డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. ఎండ కాస్తున్నా వానకోటు, పట్టున్న బూట్లు తప్పనిసరి. కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు, అందుకే ఆర్డ్‌నెన్స్ సర్వే వారి కాగితపు పటం మంచి తోడు.

గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. మూసి ఉన్న గేటు తెరిచి వదిలేస్తే మందలు కలిసిపోతాయి. దూడలున్న ఆవులకు దూరంగా చుట్టి పోవాలి. యజమాని అనుమతి లేకుండా గుడారం వేయకూడదు. బీడుకొండల మీద నిప్పు రాజేయడం అన్నిటికంటే ప్రమాదం. అక్కడి నేల పీట్, అంటే వేల ఏళ్లుగా మొక్కలు కుళ్లి పేరుకున్న మట్టి. ఒకసారి అంటుకుంటే లోలోపల రోజుల తరబడి రగులుతుంది.

దారి తప్పినా, కాలు విరిగినా 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేది స్వచ్ఛంద సేవకులు. వాళ్లు డబ్బు తీసుకోరు, ఏ దేశస్థుడని అడగరు. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదుతూ ఉండాలి.