పని అడగని మందు

తీరాన ఉప్పునీళ్లు, మెట్టన మిరప, గట్ల మీద వయ్యారిభామ. గుంటూరు, ఒంగోలు వైపు ఈ ప్రాంతంలో చర్మరోగాలకు మూలం చాలాసార్లు చేసే పనిలోనే ఉంటుంది. ఆ సంగతి అడగకుండానే మెడికల్ షాపులో ట్యూబు చేతికొస్తోంది.

మిరపకాయ తొడిమలు తీసే ఆడవాళ్ల చేతుల్లో ముందు దెబ్బతినేవి బొటనవేలు, చూపుడువేలు. తొడిమను గిల్లేది ఆ రెండు వేళ్లే. గోరు పక్కన చర్మం ఎర్రబడి ఉబ్బుతుంది, వేలికొస పొలుసులు లేచి పగులుతుంది. పొద్దున మొదలైన మంట సాయంత్రానికి ముంజేతుల దాకా పాకుతుంది. ఆ చేతులతో చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా, కన్ను నలుపుకోవాలన్నా భయమే. కల్లాల్లో కాయ ఆరబోసిన నాటి నుంచి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలేదాకా, ఆపైన కోల్డ్ స్టోరేజీల దగ్గర కూలి దొరికినన్నాళ్లూ ఈ మంట వాళ్ల వెంటే ఉంటుంది.

మిరపలో ఉండే కాప్సైసిన్ నిజంగా చర్మాన్ని కాల్చదు. నిప్పు తగిలిందని మెదడుకు కబురు పంపే నరాన్నే అది తట్టి లేపుతుంది. 43 డిగ్రీలు దాటిన వేడికీ, మిరప ఘాటుకీ స్పందించే గ్రాహకం ఒక్కటేనని డేవిడ్ జూలియస్ బృందం 1997లో తేల్చింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. కాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్నిసార్లు కడిగినా మంట వదలదు. ముందు వంటనూనెతో చేతులు బాగా రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. పల్లెల్లో మిరప మంటకు నూనె రాసుకోవడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

ఇలాంటి చేతులతో ఆసుపత్రికి వెళ్తే మంచి చర్మవైద్యుడు మొట్టమొదట అడిగే ప్రశ్న, ‘ఏం పని చేస్తావమ్మా?’ అని. ‘తొడిమలు తీస్తానండి’ అన్న జవాబుతో సగం రోగనిర్ధారణ అయిపోతుంది. లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకోమంటారు. రాత్రిపూట చేతులకు వాజెలిన్ దట్టంగా పట్టించమంటారు. వాపు ఎక్కువగా ఉంటే స్టీరాయిడ్ పూతమందు కొద్ది రోజులకు రాస్తారు. అక్కడ స్టీరాయిడ్ సరైన మందే. చేతులకు వచ్చే ఇలాంటి ఎగ్జిమాలో ఒళ్లు అతిగా స్పందించి వాపు తెచ్చుకుంటుంది, స్టీరాయిడ్ ఆ వాపును అణుస్తుంది. అదే మందు తామర మీద పడితే కథ తిరగబడుతుంది.

ఆ కథ తెలియాలంటే వాడరేవు రావాలి. చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు. సెలవు రోజుల్లో స్నానాలకు వచ్చేవాళ్ల సందడి ఒక పక్క, బోట్లు, వలలు, చేపల బేరాలు ఇంకో పక్క. వేటకు వెళ్లినవాళ్ల ఒంటిమీద బట్ట తడుస్తుంది, ఒంటిమీదే ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. ఉప్పు, ఇసుక గజ్జల్లో ఒరుసుకుంటాయి. బోటులో ఉన్న మంచినీళ్లు తాగడానికే, ఒళ్లు కడుక్కోవడం ఇంటికొచ్చాకే. దానికి తోడు కోస్తా ఉక్కపోత. తామరకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. గజ్జల్లో మొదలై, మొలతాడు కట్టే చోటికి పాకి, ఒకే తువ్వాలు వాడే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది.

తామర అంటే ఫంగస్. గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ కాస్త మానినట్టు కనిపిస్తుంది. అనుమానముంటే డాక్టరు ఆ అంచు నుంచి కొంచెం పొలుసు గీకి, గాజు పలక మీద పెట్టి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తారు. చర్మకణాలు కరిగిపోతాయి. ఫంగస్ పోగులు మాత్రం కరగవు, కొమ్మలు వేసుకుంటూ పోయే సన్నని దారాల్లా మైక్రోస్కోపులో తేటగా కనిపిస్తాయి. కాసేపట్లో అయ్యే పరీక్ష, ఖర్చూ స్వల్పం.

కానీ దురద పట్టిన మనిషి పోయేది ముందు మెడికల్ షాపుకే. కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, ఓపీ చీటీ రాయించుకుని బారులో నిలబడటం కష్టం, ఆ మనిషిని తప్పుపట్టలేం. ‘తామరకు ట్యూబ్ ఇవ్వన్నా’ అంటే చేతికొచ్చేది తరచుగా కలగూరగంప మందు: ఫంగస్‌కు ఒకటి, బాక్టీరియాకు ఒకటి, వాటితో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టీరాయిడ్. రెండు రోజుల్లో దురద ఆగుతుంది, ఎరుపు తగ్గుతుంది. రాసుకున్నవాడు నయమైందనుకుని ఆపేస్తాడు. నిజానికి జరిగింది వేరు. ఫంగస్‌తో పోరాడే చర్మపు రక్షణను స్టీరాయిడ్ నిద్రపుచ్చింది. ఆ చాటున ఫంగస్ నింపాదిగా పెరిగింది. ట్యూబు ఆపిన కొద్ది రోజులకు రెట్టింపు మేర తిరిగొస్తుంది, మళ్లీ ట్యూబు. అంచు చెరిగిపోయి, వలయంలో వలయం లేచి, చూసిన డాక్టరుకే వెంటనే పోల్చుకోలేని రూపం వస్తుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి, కాన్పు చారల్లాంటి చారలు పడతాయి. తామర పోయినా ఆ చారలు పోవు.

ఒకప్పుడు రెండు వారాల టెర్బినఫైన్ మాత్రలతో లొంగిన తామరకు ఇప్పుడు నెల, రెండు నెలలు మందు వాడాల్సి వస్తోంది. టెర్బినఫైన్‌కు లొంగని ఒక ఫంగస్‌కు జపాన్ శాస్త్రవేత్తలు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, మన దేశం పేరు అందులోనే ఉంది. 2023లో న్యూయార్క్‌లోనూ అది బయటపడింది. స్టీరాయిడ్ పూతమందుల దుర్వినియోగం మీద దేశంలోని చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్లుగా గొంతు చించుకుంటోంది. 2018లో కేంద్రం 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కాగితం మీద ఆ నిబంధన ఉండగానే, అలాంటి ట్యూబులు నేటికీ అడిగినవాళ్లకు అడిగినట్టు దొరుకుతున్నాయి. ఈ ఒక్క విషయంలో ఔషధ నియంత్రణ అధికారులు గట్టిగా నిలబడితే వేల కుటుంబాల దురద తీరుతుంది.

సరైన వైద్యం ఏమిటంటే, స్టీరాయిడ్ లేని ఫంగస్ మందు, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర. అవసరమైతే ఇట్రాకొనజోల్ లాంటి మాత్రలు. మచ్చ కనిపించకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లూ ఆపకూడదు. ఇంట్లో ఎవరెవరికి ఉంటే వారందరికీ ఒకేసారి వైద్యం జరగాలి. ఎవరి తువ్వాలు వారిదే. లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. బిగుతు జీన్స్ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. గజ్జిలోనూ కుటుంబం మాటే ముఖ్యం. అది ఫంగస్ కాదు, చర్మంలో సొరంగం తవ్వుకుని ఉండే పురుగు. రాత్రిళ్లు దురద పెరుగుతుంది, వేళ్ల సందుల్లో, మణికట్టు మీద పొక్కులు లేస్తాయి. 5 శాతం పర్‌మెత్రిన్ మెడ నుంచి కాళ్ల దాకా, ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, వారం తర్వాత మరోసారి. ఒకరు రాసుకుని ఇంకొకరు మానేస్తే పురుగు ఇంట్లోనే తిరుగుతుంది. దీనికీ ఆ స్టీరాయిడ్ ట్యూబే రాసుకునేవాళ్లున్నారు.

పత్తి చేల గట్ల మీద తెల్లటి చిన్న పూలతో నిలబడే వయ్యారిభామది ఇంకో గొడవ. 1950ల్లో పుణె దగ్గర గుర్తించిన ఈ కలుపు ఇప్పుడు లేని ఊరు లేదు. దాని పొడి గాలిలో ఎగిరి పడ్డ చోటల్లా పని చేస్తుంది: కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు. ఏళ్ల తరబడి చేలో తిరిగిన రైతుకు ముఖం నల్లబడి, చర్మం మందమై, గీతలు తేలతాయి. ఎండ పడలేదనుకుంటాడు. ఈ గుట్టు విప్పేది ప్యాచ్ టెస్టు. అనుమానమున్న పదార్థాలను చిన్న బిళ్లల్లో వీపు మీద అంటించి, 48 గంటల తర్వాత విప్పి, ఏ బిళ్ల కింద చర్మం ఎర్రబడిందో చూస్తారు. వయ్యారిభామే అని తేలితే, తగ్గని కేసుల్లో అజాథయోప్రిన్ మాత్రలు వాడతారు. వాటికి రక్తపరీక్షలు తప్పనిసరి. తొడుగుల్లేకుండా ఆ మొక్కను పీకనే కూడదు.

తెల్లమచ్చ కనిపిస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది, ముఖ్యంగా పెళ్లీడు ఆడపిల్ల ఉంటే. శోభి అయితే ఫంగస్ మందుతో పోతుంది. బొల్లి అంటదు, లేత దశలో పూతమందులతో, అతినీలలోహిత కిరణాల చికిత్సతో చాలామందికి రంగు తిరిగొస్తుంది. మచ్చ మీద స్పర్శ ఉందో లేదో చూడటానికి డాక్టరు కొంచెం దూది పోగు తీసుకుంటారు, రోగి కళ్లు మూసుకుని తగిలిన చోట వేలు పెట్టాలి. తగిలినట్టే తెలియకపోతే కుష్టును అనుమానిస్తారు. 1981 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న బహుళ ఔషధ చికిత్సతో అది పూర్తిగా నయమవుతుంది, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఆలస్యమైతేనే వేళ్లకు ముప్పు. అక్కికి వ్యవధి ఇంకా తక్కువ. జాజు పూతతో చల్లగా అనిపించవచ్చు, కానీ నరంలోని వైరస్‌కు మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది.

సోరియాసిస్ వైద్యంలో తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన పేరొకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌నూ రూపొందించింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడిన ఆ మందు సోరియాసిస్‌ను కూడా తగ్గిస్తుందని 1951లో గుర్తించారు. సుబ్బారావు అప్పటికి మూడేళ్ల కిందటే కన్నుమూశారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ చర్మవైద్యులు రాస్తున్నారు: వారానికి ఒక్క రోజు అది, మరో రోజు ఫోలిక్ ఆమ్లం. రెండూ ఆయన ప్రయోగశాల చలవే. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఒకరి చీటీ చూసి ఇంకొకరు కొనుక్కోకూడని మందు ఇది.

గుంటూరు, ఒంగోలు బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు ఇంతవరకు రాసుకున్న ట్యూబులన్నీ, ఖాళీవి సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఎన్నాళ్లు రాసుకున్నారో దాచకుండా చెప్పండి. గర్భిణి అయితే, పాలిస్తూ ఉంటే ముందే చెప్పాలి, కొన్ని మాత్రలు వాళ్లకు పనికిరావు. ముఖానికి తెలుపు కోసమో, మంగు మచ్చల కోసమో స్టీరాయిడ్ కలిసిన క్రీము నెలల తరబడి వాడుతున్నవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపితే ముఖం భగ్గుమని ఎర్రబడి, మొటిమలు విరుచుకుపడతాయి. ఆ దశలో భయపడి మళ్లీ అదే క్రీముకు పోతారు. డాక్టరు మందు బలం మెట్టు మెట్టుగా దించుతారు. చర్మం కుదుటపడటానికి నెలలు పడుతుంది, కానీ కుదుటపడుతుంది.