గ్రామ చావడి: నాడు, నేడు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పాత గ్రామాలు చాలావాటిలో ఊరి నడుమ చావడి ఉంటుంది. రాతి గోడలు, సున్నపు గచ్చు, ముందు ఒక అరుగు. చిన్న కట్టడమే. అయినా ఊరి బాగోగులు చాలాకాలం ఆ అరుగు మీదనే తేలినవి.

నిజాం పాలనలో మాలిపటేలు, పోలీసు పటేలు, పట్వారీ కూర్చునేది అక్కడే. శిస్తు వసూలు, తగవుల తీర్పు అక్కడే. దౌరాకు వచ్చిన అధికారులకు బస కూడా అక్కడే. వారి కొరకు గొల్లలు గొర్రెలను, కుమ్మరులు కుండలను, వెట్టివారు కట్టెలను తెచ్చి పెట్టవలసి ఉండేది. పాలు, పెరుగు, నెయ్యి కూడా ఇళ్లనుంచి పోవలసిందే. దానికి కొలతా లేదు, ధరా లేదు. ఇచ్చినవారిలో చాలామందికి అరుగు ఎక్కే హక్కు కూడా లేదు. వెట్టి కూడదని ఫర్మానాలు వెలువడినా గ్రామాలలో అది ఆగలేదు.

1948 సెప్టెంబరు 17న ఆ పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయినవి. పటేలు, పట్వారీ పదవులు మాత్రం 1984 దాకా నిలిచినవి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడి, రెవెన్యూ పని మండల కేంద్రానికి తరలిపోగా చావడి ఖాళీ పడింది.

ఖాళీ పడిన చావడి ఒకచోట పంచాయతీ ఆఫీసు అయింది, ఒకచోట అంగన్‌వాడీ, మరొకచోట రేషను దుకాణం. కొన్ని గ్రామాలలో మన పాల సేకరణ కేంద్రం. అన్నిటిలోకి ఇదే తగిన ఉపయోగమని నా అభిప్రాయం. నెయ్యి ఊరికే పోయిన అరుగు మీదనే నేడు పాలు కొలిచి, వెన్న శాతం చూసి, పుస్తకంలో రాసి డబ్బు ఇస్తున్నాము. ముందు వచ్చిన క్యాను ముందు. అది ఎవరిదని అడిగే పని లేదు. (అడిగే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా పోలేదు. తనిఖీకి వెళ్లినప్పుడు నేను మొదట చూసేది రిజిస్టరు కాదు, వరుస.)

అయితే కట్టడాన్ని మనమే పాడుచేసుకుంటున్నాము. వెన్న పరీక్షకు వాడే యాసిడ్‌ను బ్యుటిరోమీటరు నుంచి గచ్చు మీదనే ఒంపితే సున్నం పొంగి రాలిపోతుంది. క్యాన్లు కడిగిన నీరు పునాదిలోకి ఇంకితే మట్టితో కట్టిన గోడ కుంగుతుంది. పైన సిమెంటు పూస్తే గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక రాయి వదులవుతుంది. సున్నం, ఇసుకతోనే మరమ్మతు చేయించండి. క్యాన్లు కడిగే చోటు గోడకు దూరంగా ఉండాలి, నీరు పోయే కాలువ వేరుగా ఉండాలి. వాడిన యాసిడ్ నేలమీద గాని, మురుగు కాలువలో గాని పోయరాదు.

ఇంకొక సంగతి. 2020 నుంచి రైతు వేదికలు వచ్చినవి, సమావేశాలు అటు పోయినవి. పాత చావడిని కూల్చి దుకాణాలు కట్టుదామనే మాట అక్కడక్కడ వినవస్తున్నది. నోటిమాట మీద చావడిలో ఉన్న సంఘాలు వెంటనే గ్రామపంచాయతీ తీర్మానం పొంది, గడువు, అద్దె, మరమ్మతు బాధ్యత అందులో రాయించుకోవాలి. నకలును మినిట్సు పుస్తకంలో అతికించండి. ఆ కాగితం లేకపోతే, రేపు కొత్త పాలకవర్గం ఖాళీ చేయమన్నప్పుడు సంఘానికి చూపుకొనే ఆధారం ఉండదు.