హైదరాబాదు ఆస్పత్రికి ప్రయాణమా? ఒంటి సంగతి కూడా చూసుకోండి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందంటే, ఏ డాక్టరుకు చూపించాలన్న ప్రశ్నతోపాటే ఎట్లా పోవాలన్న ప్రశ్న కూడా వస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రికా, హైదరాబాదుకా? పగటి బస్సుకా, రాత్రి బస్సుకా? ఇంట్లో తర్జనభర్జనలు జరుగుతాయి. తోడు వచ్చే మనిషి, డబ్బు, పాత రిపోర్టుల సంచీ అన్నీ సిద్ధమవుతాయి. అన్నీ సర్దుకుని, ప్రయాణం చేయవలసిన ఒంటిని మాత్రం మరచిపోతారు చాలామంది.

డాక్టరు ముందు కూర్చునే ఐదు నిమిషాల కోసం రోగి ఏడెనిమిది గంటలు బస్సులో కూర్చుంటాడు. ఆ గంటల్లో తిండి, నీళ్లు, నిద్ర, మందుల వేళలు అన్నీ తలకిందులవుతాయి. కాబట్టి ప్రయాణాన్ని కూడా చికిత్సలో ఒక భాగంగా లెక్కపెట్టుకోవాలి.

మారిన ప్రయాణం

గత కొన్నేళ్లలో మన ప్రయాణ సౌకర్యాలు ఎంతో మారిన మాట నిజం. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడపకు పోయే జాతీయ రహదారి నాలుగు వరుసలయింది. 2016లో నంద్యాల - ఎర్రగుంట్ల రైలు మార్గం వచ్చింది. అది బనగానపల్లె, కోవెలకుంట్లల మీదుగా పోతుంది గనుక ఆళ్లగడ్డ వాళ్లకు నేటికీ బస్సే దిక్కు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమయింది. చార్జీలకు వెనకాడి కాన్పు పరీక్షలనూ, బి.పి. పరీక్షలనూ వాయిదా వేసుకునే తల్లులకు ఇది పెద్ద వెసులుబాటు. అయితే రాష్ట్రం దాటే సర్వీసులకు ఇది వర్తించదు. హైదరాబాదు సిటీ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ఉన్న ఉచిత ప్రయాణం తెలంగాణ ఆడవాళ్లకు మాత్రమే. మనవాళ్లు అక్కడ టిక్కెట్టు కొనుక్కోవాలి.

ఇక హైదరాబాదులో దిగాక చూస్తే అంతా కొత్త. పూర్వం ఇమ్లీబన్‌లో దిగిన రోగిని ఆటోలో కుదించుకుని, అడిగినంత ఇచ్చుకుని పోవలసి వచ్చేది. 2017 నవంబరు 28న మెట్రో రైలు ప్రారంభమయింది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాల్లో సుమారు 69 కిలోమీటర్లకు పెరిగింది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర రెండు మార్గాలు కలుస్తాయి. మియాపూర్ వైపు పోయే రైలెక్కితే నిమ్స్‌కు దగ్గరలోని ఎర్రమంజిల్, పంజాగుట్ట స్టేషన్లు తగులుతాయి. జూబ్లీ బస్‌స్టేషన్ వైపు పోయే రైలులో గాంధీ ఆస్పత్రి పేరుతోనే స్టేషను ఉంది. హైటెక్ సిటీ వైపు ఆస్పత్రులకు పోవాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి.

వాహనాలు ఇంత బాగుపడ్డా మన శరీరం మాత్రం పాతదే. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లు ఉబ్బుతాయి. తిండి తప్పితే చక్కెర పడిపోతుంది. నీళ్లు తాగకపోతే మూత్రం మంట పెడుతుంది. వీటికి మనమే ఏర్పాటు చేసుకోవాలి.

ఖాళీ కడుపుతో వచ్చే ముప్పు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆళ్లగడ్డలో ఉండే ఒక యాభై అయిదేళ్ల తల్లికి మధుమేహం ఉందనుకుందాం. పొద్దున హైదరాబాదులో ఏమీ తినకుండా రక్తపరీక్ష చేయించుకోమన్నారు. ఆమె రాత్రి ఏడు గంటలకే రెండు ముద్దలు తిని, అలవాటు ప్రకారం ఇన్సులిన్ వేసుకుని బస్సెక్కింది. తెల్లవారుజామున దిగింది. మెట్రో ఆరు గంటల ప్రాంతంలో గాని మొదలు కాదు. అప్పటిదాకా బెంచీ మీద కూర్చుని, తర్వాత మెట్లెక్కి, రైలు దిగి ఆస్పత్రి చేరి, వరుసలో నిలబడేసరికి తొమ్మిదయింది. అంటే పద్నాలుగు గంటల ఉపవాసం! చేతులు వణికాయి, చెమటలు పోశాయి, మాట తడబడింది. పక్కవాళ్లు నిద్ర చాలక తూలుతున్నదని అనుకున్నారు. నిజానికి ఆమె రక్తంలో చక్కెర పడిపోయింది. సకాలంలో గమనించకపోతే స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతుంది.

ఈ ప్రమాదాన్ని తప్పించడం కష్టం కాదు. ఖాళీ కడుపు పరీక్షకు సాధారణంగా ఎనిమిది గంటల ఉపవాసం చాలు. కొన్ని పరీక్షలకు పన్నెండు గంటలు అడుగుతారు. మామూలు రక్తపరీక్షలకు మంచినీళ్లు తాగితే తప్పులేదు. కాని స్కానింగుకో, ఆపరేషనుకో, మత్తు ఇచ్చే పరీక్షకో రమ్మంటే నీళ్ల సంగతి కూడా ముందే అడగాలి. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బిఏవన్‌సీ పరీక్షకు అసలు ఉపవాసమే అక్కర్లేదు. అందుచేత ఏ పరీక్షకు ఉపవాసం కావాలి, ముందు రాత్రీ, ఆ పొద్దునా ఇన్సులిన్, బిళ్లలు ఎంత వేసుకోవాలి అని బయలుదేరక ముందే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంకో మాట. ఆ రక్తపరీక్ష నంద్యాలలోనే చేయించుకుని రిపోర్టు పట్టుకుపోతే సరిపోతుందేమో కూడా కనుక్కోండి. చాలా సందర్భాల్లో సరిపోతుంది.

చేతిసంచీలో నాలుగు చెంచాల పంచదార పొట్లమో, గ్లూకోజు పొడో తప్పక ఉండాలి. వణుకు, చెమట, విపరీతమైన ఆకలి, కళ్లు తిరగడం కనిపిస్తే పరీక్ష పోతేపోయింది, వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఇడ్లీయో, రొట్టెయో తినిపించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. 108కి ఫోన్ చేయండి. ఈ సర్వీసు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.

ఇన్సులిన్‌ను బస్సు కింద సామాన్ల అరలో పెట్టవద్దు. మన ఎండలకు ఆ అర పొయ్యిలా కాగుతుంది. చల్లని ఫ్లాస్కులో గాని, తడిగుడ్డ చుట్టిన డబ్బాలో గాని పెట్టుకుని వెంట ఉంచుకోండి. మంచుగడ్డకు నేరుగా తగలనీయకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

నీళ్లు మానేయకండి

"దారిలో బస్సు ఎక్కడ ఆపుతాడో, ఎందుకొచ్చిన ఇబ్బంది" అని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల ఇబ్బంది కల్పించుకున్నది కాదు. శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదన్న భయం నిజమైనదే. కాని నీళ్లు మానడం, మూత్రం ఆపుకోవడం రెండూ కలిస్తే మూత్రకోశంలో సూక్ష్మజీవులు పెరగడానికి వీలు చిక్కుతుంది. రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవాళ్లకు బాధ తిరగబెడుతుంది. వేసవిలో అయితే వడదెబ్బకూ దారితీస్తుంది.

ఒక్కసారిగా చెంబెడు తాగకుండా, గంటకు నాలుగైదు గుక్కల చొప్పున తాగుతూ ఉండండి. కాఫీ, టీలు తగ్గించండి. బస్సెక్కే ముందూ, కర్నూలు బస్టాండులోనూ, హైదరాబాదులో దిగగానే మెట్రో ఎక్కకముందూ అవసరం తోచినా తోచకపోయినా ఒకసారి వెళ్లి రండి. కండక్టరును ఆపమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. గుండె, మూత్రపిండాల జబ్బులవల్ల నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం ఆ కొలతకే కట్టుబడాలి.

కాళ్ల సంగతి

ఆళ్లగడ్డ నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైనే. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధనలో తేలింది. విమానమైనా, రైలైనా, బస్సయినా ఒకటే. ఆరోగ్యవంతులకు ఈ ముప్పు చాలా తక్కువ, భయపడవలసిన పని లేదు. కాని ఇటీవల ఆపరేషను అయినవాళ్లు, క్యాన్సరు రోగులు, గర్భిణులు, బాలింతలు, గర్భనిరోధక బిళ్లలు వాడేవాళ్లు, పూర్వం ఒకసారి రక్తం గడ్డకట్టినవాళ్లు జాగ్రత్తపడాలి. ఆస్పత్రి ప్రయాణాలు చేసేదేమో ఎక్కువగా వీళ్లే!

అరగంటకొకసారి మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకెత్తడం, వేళ్లు ఆనించి మడమలు ఎత్తడం ఇరవైసార్లు చేయండి. కాళ్ల కింద మూటలు పెట్టుకోవద్దు. బస్సు ఆగినచోట దిగి నాలుగడుగులు నడవండి. ప్రయాణమయ్యాక రెండు కాళ్లూ కొద్దిగా ఉబ్బి, పడుకుంటే తగ్గితే కంగారు లేదు. ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పి పెడితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. దానికి ఆయాసం, గుండెనొప్పి తోడైతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయరాదు.

మెట్రోలో రోగి

మెట్రో పట్టాలు రోడ్డుకు ఎంతో ఎత్తున స్తంభాల మీద ఉంటాయి. మోకాళ్ల నొప్పులవాళ్లు, గుండెజబ్బువాళ్లు మెట్లెక్కి ఆయాసపడనక్కర్లేదు. ప్రతి స్టేషనులోనూ లిఫ్టు ఉంది. కదిలే మెట్ల మీద కాలు పెట్టేటప్పుడు చీర కుచ్చెళ్లు ఒక చేత్తో కాస్త ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పక్క రెయిలింగు పట్టుకోవాలి. తల తిరిగే వృద్ధులు ఆ మెట్లు మానేసి లిఫ్టులోనే పోవడం మంచిది. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవాళ్లు తనిఖీ ద్వారం దగ్గర తమ కార్డు చూపించి, అక్కడ నిలబడిపోకుండా దాటిపోవాలి.

మధుమేహం ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ప్రయాణం కదా అని కొత్త చెప్పులు వేసుకుంటే స్టేషన్లలో నడిచే దూరానికి పొక్కులు లేస్తాయి, ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అలవాటైన మెత్తని చెప్పులే వేసుకుని, రాత్రికి పాదాలు కడిగి, తుడిచి, అరికాళ్లు పరీక్షించుకోండి.

వాంతులు, దగ్గు, రద్దీ

బస్సు పడనివాళ్లు చక్రాల మీది సీట్లు, వెనక సీట్లు మాని ముందువైపు కిటికీ దగ్గర కూర్చుని దూరంగా చూస్తుండాలి. సెల్‌ఫోను చూస్తే వికారం ఎక్కువవుతుంది. ఉగ్గాని, బజ్జీ కడుపునిండా తిని బస్సెక్కడం కన్నా రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోవడం మేలు. బొత్తిగా ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. డాక్టరు బిళ్ల రాసిచ్చి ఉంటే బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. వాంతులు ఎక్కువైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు తలకొట్టుగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగించండి.

ఉచిత ప్రయాణం వచ్చాక కొన్ని వేళల్లో బస్సులు కిక్కిరిసి ఉంటున్నాయి. గర్భిణికీ, ఆపరేషను అయినవారికీ లేచి సీటివ్వడం మర్యాద మాత్రమే కాదు, వాళ్ల ఆరోగ్యరక్షణ కూడా. రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవాళ్లు మాస్కు కట్టుకుని ప్రయాణించాలి, కళ్లె పరీక్ష చేయించుకోవాలి. క్షయకు ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా, మందులూ ఉచితం. కిటికీలున్న బస్సులో అద్దం కొంచెం తెరిచి ఉంచితే గాలి ఆడి, అంటువ్యాధులు పాకే అవకాశం తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలరును జేబులోనే ఉంచుకోవాలి.

అసలు పోవాలా?

చివరగా ఒక మనవి. ప్రతి జబ్బుకూ హైదరాబాదు పరుగెత్తనక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయింది. 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. 1956లో స్థాపించిన కర్నూలు వైద్య కళాశాల, దాని ఆస్పత్రి ఉండనే ఉన్నాయి. గుండెనొప్పి, పక్షవాతం వంటివి వచ్చినప్పుడు దూరం పోయే కొద్దీ గుండె కండరమూ, మెదడూ దెబ్బతింటాయి. అటువంటప్పుడు ముందు దగ్గరి ఆస్పత్రిలో చికిత్స మొదలుపెట్టించి, వాళ్లు పంపితే అంబులెన్సులో పోవాలి గాని, రాత్రి బస్సుకు టిక్కెట్టు తీసి కూర్చోరాదు.

పోక తప్పని ప్రయాణమైతే వీలున్నంతవరకు ముందురోజే చేరి, బంధువుల ఇంట్లోనో, సత్రంలోనో రాత్రి నిద్రపోయి, పొద్దున ఆస్పత్రికి వెళ్లండి. రెండు రోజులకు సరిపడా మందులు, వాటి చీటీ, పంచదార పొట్లం, నీళ్ల సీసా, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసిన కాగితం చేతిసంచీలో ఉంచుకోండి. ఆ సంచీని సామాన్ల అరలో వేయకుండా ఒళ్లోనే పెట్టుకుని కూర్చోండి.